మూడు మూలల ఇంజను మీద నా తీర్పు

షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న తమ్ముళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "మేస్త్రీ, మీరు బాగుచేసిన బండ్లలో అన్నిటికన్నా కష్టపెట్టింది ఏది?" ఘాట్ రోడ్డులో పగిలిన గేరుబాక్సుల కథలు వాళ్ళకు కావాలి. అవి నా దగ్గర చాలానే ఉన్నాయి. కానీ రాసి పెట్టవలసింది వేరే ఉంది. అది నేను బాగుచేసిన బండి గురించి కాదు. బాగానే ఉన్న ఇంజను పోయిందని చెప్పి, నా మాటతో ఒక ఇంట్లో అన్నదమ్ములను విడదీశాను. దాని గురించి.

మా నాన్న గజపతినగరం చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవ ఉపదేశిగా సైకిలు మీద తిరిగినవారు. నాకు అక్షరాలు వచ్చింది బైబిలు వాక్యం చదవడం కోసమే. ఆ తరువాతనే స్పానరు పట్టాను. సాలూరు లారీ షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేస్తూనే, ఆదివారం ఉదయం సంఘంలో పిల్లలకు పాఠం చెప్పాను, పెద్దల వరసలో కూర్చున్నాను. దసరా వస్తే షెడ్డులో పనిముట్లకు, బండ్లకు పూజలు జరుగుతాయి. ఆ రెండు రోజులూ నేను సెలవు పెట్టి ఇంట్లో ఉండేవాణ్ణి. ఎవరినీ ఏమీ అనేవాణ్ణి కాదు. నా స్థానం అది కాదని పక్కకు తప్పుకునేవాణ్ణి, అంతే. మా షెడ్డు ఎలక్ట్రీషియను మాత్రం నన్ను వదిలేవాడు కాదు. వరస ఏమీ లేకపోయినా నన్ను బావా అనే పిలిచేవాడు. "బావా, నీ వాటా పులిహోర కూడా నేనే తినీసినాను. నీకు పుణ్యం రాదు, నాకు కడుపునొప్పి వచ్చింది" అనేవాడు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి సంవత్సరం, కార్తీక మాసంలో రాజాం నుంచి నాకు ఫోను వచ్చింది. అక్కడ ధాన్యం వ్యాపారం చేసే షావుకారు ఇల్లు అది. అన్నదమ్ములిద్దరు, పెద్దావిడ అయిన వాళ్ళ తల్లి. వాళ్ళ లారీలు మా షెడ్డుకే వచ్చేవి. అన్నగారికి చిన్నప్పటినుంచి కార్ల పిచ్చి. విశాఖపట్నంలో ఓడల మీద పనిచేసి వచ్చిన ఒక అధికారి దగ్గర జపాను కారు ఒకటి కొన్నాడు. ఎర్రది, నేలకు అంటుకుపోయినట్టుండేది. అది వస్తే రాజాంలో సంత మొత్తం ఆగి చూసేది.

దాని ఇంజను మనం ఎరిగిన ఇంజను కాదు. మన బండ్లలో పిస్టను పైకీ కిందికీ కొట్టుకుంటుంది. ఇందులో పిస్టనే లేదు. కోడిగుడ్డును నడుమ నొక్కినట్టుండే గదిలో మూడు మూలల ఇనుపముక్క ఒకటి గుండ్రంగా తిరుగుతుంది. దాన్ని రోటరు అంటారు. అలాంటి గదులు రెండు, రోటర్లు రెండు. ప్రతి మూలనా సన్నని సీలు గోడను రాసుకుంటూ పోతుంది. ఆ సీళ్ళు గాలిని పట్టి ఉంచితేనే ఇంజనుకు బలం. పట్టకపోతే తాళం తిప్పి సెల్ఫు ఎంత కొట్టినా ఊరికే గిర్రున తిరుగుతుందే తప్ప ఇంజను అందుకోదు.

అన్నగారు ఫోనులో చెప్పిందీ అదే. "మేస్త్రీ, ఊరికే గిర్రున తిరుగుతన్నాది గాని లెగటం నేదు. మా తమ్ముడు దసరాకి ముందు గజపతినగరం పెళ్ళికి పట్టుకెళ్ళి, దారిలో బండి ఏడెక్కించీసినాడు. నాకు అదే అనుమానం."

ఇంజను వేడెక్కి పాడైందన్న జవాబును ఆయన నాకు ముందే చేతికిచ్చేశాడు. నేను చేసిన మొదటి పొరపాటు ఆ జవాబును సంచిలో పెట్టుకుని బయలుదేరడం.

విశాఖలో ఒక విడిభాగాల దుకాణంలో ఈ ఇంజను గురించిన ఇంగ్లీషు కాగితాలు జిరాక్సు తీయించి తెచ్చుకున్నాను. బడిలో టీచరుగా ఉన్న మా అమ్మాయిని కంప్రెషను, అంటే లోపలి గాలి ఒత్తిడి, చూసే పేజీ వరకే చదివి చెప్పమన్నాను. మిగతాది చదవబోతే, "చాలమ్మా, పనికొచ్చేది ఇదే" అన్నాను. ఆ ఒత్తిడి కొలవడానికి మనం మామూలుగా వాడే గేజిలో గాలిని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు ఉంటుంది. దానివల్ల ముల్లు ఎక్కిన చోటే నిలబడిపోతుంది. ఈ ఇంజనుకు అది మోసం చేస్తుంది. రోటరుకు మూడు ముఖాలు; ఒకటి బాగుండి రెండు పోయినా, ముల్లు బాగున్నదాన్నే చూపిస్తుంది. ఆ వాల్వు తీసేస్తే ముల్లు ముఖానికి ఒకసారి చొప్పున ఎగిరి పడుతుంది. మూడు ఎగురుళ్ళూ సమానంగా ఉన్నాయో లేదో కంటితో చూడాలి, ఊపిరి వదిలినట్టుండే మూడు చప్పుళ్ళూ చెవితో వినాలి.

ఆ రోజు ఎలక్ట్రీషియను బంధువుల ఊరికి వెళ్ళాడు. బ్యాటరీ నీరసంగా ఉందని, అలాంటప్పుడు ముల్లు తక్కువే చూపిస్తుందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆగలేదు. వాళ్ళ పెరటి వాకిట్లోనే, చల్లగా ఉన్న ఇంజను మీదనే ప్లగ్గు విప్పి గేజి బిగించాను. అన్నగారు లోపల కూర్చుని తాళం తిప్పాడు. ముల్లు వణికింది, ఎగరలేదు. చప్పుడు కూడా లేదు, సుయ్యిమని గాలి పోయింది. రెండో గదీ అంతే. ఆరు ముఖాలు, ఆరూ ఒకేలా నీరసం. ఆరు ముఖాలు ఒకేసారి, ఒకేలా ఎలా పోతాయని నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

పెద్దావిడ అరుగు మీద కూర్చుని మినుములు ఏరుకుంటోంది. "మొన్న దసరాకి బాగానే లేచింది కదా నాయనా. పసుపు రాసి, బొట్లెట్టి, సక్రాల కింద నిమ్మకాయలెట్టి..." అని మొదలుపెట్టింది.

నేను చెయ్యి ఎత్తి ఆపాను. "అమ్మా, ఆ పూజల సంగతి నాకొద్దు. నేను ఇంజను సంగతే సూస్తాను."

ఆవిడ మళ్ళీ మినుములు ఏరడంలో పడింది. చేటలోకి తల దించుకుంది. నేను చాలా మర్యాదగా నా విశ్వాసాన్ని కాపాడుకున్నాననుకున్నాను.

"ఏడెక్కితే ఇలగ అవుతాదా?" అని అన్నగారు అడిగాడు.

"అవుతాది బాబూ. సీళ్ళు పోయినాయి" అన్నాను.

సరిగ్గా అప్పుడే తమ్ముడు వాళ్ళ వడ్ల మిల్లు నుంచి భోజనానికి వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. అన్న నా ముందే అందుకున్నాడు.

"నీ సరదాకి నా బండి సంపీసినావురా!"

"అన్నియ్యా, నేను తెచ్చినాక పది రోజులు నువ్వే తోలినావు. నీళ్ళ గొట్టం కారితే పక్కన ఆపీసి, సల్లారినాకే నీళ్ళు పోసి తెచ్చినాను."

"నీకు తెలుసా, మేస్త్రీకి తెలుసా? ఆయన సెప్తన్నాడు, ఇనపడతన్నాదా?"

తమ్ముడు నా వైపు చూశాడు. ఏదో ఒక మాట చెబుతానని ఎదురుచూశాడు. నేను గేజిని గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దుకున్నాను.

మాట కారుతో ఆగలేదు. అన్నదమ్ముల మధ్య అంతకుముందు ఏమేం ఉన్నాయో నాకు తెలియదు, కానీ అవన్నీ ఆ పూట నా మాట మీద ఎక్కి బయటికొచ్చాయి. వారం తిరిగేసరికి తమ్ముడు విజయనగరం వెళ్ళిపోయి, బంధువుల ఎరువుల దుకాణంలో పనికి కుదిరాడని రాజాం డ్రైవర్లు చెప్పారు. విని, "అయ్యో" అనుకున్నాను. అంతకు మించి నాకు ఏమీ తట్టలేదు. ఆ ఆదివారమే పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకకూడదని పిల్లలకు పాఠం చెప్పాను. చాలా బాగా చెప్పానని మా పాస్టరు గారు మెచ్చుకున్నారు కూడా.

చలికాలం పోయి, ఈస్టరుకు ముందు వచ్చే మా ఉపవాస దినాలు మొదలయ్యాయి. ఒక రోజు విజయనగరం ఎరువుల లారీ ఒకటి చక్రాల మీది కమాను పట్టీ విరిగి షెడ్డుకు వచ్చింది. దానితో పాటు వచ్చినవాడు ఆ తమ్ముడే. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. కోపంగా వస్తే నాకు తేలికగా ఉండేది.

"బాగున్నారా మేస్త్రీ?"

"బాగున్నాను. నువ్వేటి, ఇలగ సన్నబడిపోయినావు?"

"హోటలు కూడు కదండీ." లారీకి ఆనుకుని అన్నాడు. "మా అన్నియ్య ఫోను ఎత్తడు. అమ్మ ఆయన ఇంట్లో లేనప్పుడు మాట్లాడతాది. వచ్చే వారం ఆ ఇంజను ఊడబీకి పాత ఇనుమోడికి ఇచ్చీస్తాడంట. ఇచ్చీయనీండి, ఆయన బండి. కానీ అది పోయిందనుకోండి, నేను తప్పు సేసినానో నేదో సెప్పడానికి ఇంకేటీ మిగల్దు. బతికినన్నాళ్ళూ నేనే సంపీసినట్టు."

చేతిలో స్పానరు కింద పెట్టాను. "ఆకరుసారి ఎప్పుడు లేచింది?"

"దసరా నాడు. అన్నియ్యే స్టార్టు సేసినాడు. నేను ఆవేళ మిల్లులో పూజ దగ్గర ఉన్నాను, నాకు పూర్తిగా తెల్దు. అమ్మ సూసింది. మీకు సెప్పబోతే ఇననన్నారంట కదా?"

ఎలక్ట్రీషియను పక్కనే వైర్లు చుడుతున్నాడు. వాడికి నవ్వు దాచుకోవడం రాదు. "మా బావ పూజ మాటంటే సెవులు మూసుకుంటాడు బాబూ. బొట్టెట్టినంత మాత్రాన ఇంజను ఇంజను కాకుండా పోతాదేటి?"

వాడు హాస్యానికే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట మీద నిద్ర పట్టలేదు. మర్నాడు మా అమ్మాయి బడి నుంచి రాగానే ఆ జిరాక్సు కాగితాలు ముందుపెట్టి, మొదటి అక్షరం నుంచి చదవమన్నాను. నేను వద్దన్న పేజీలోనే ఉంది. ఈ ఇంజనును చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి, వేడెక్కకుండానే ఆపకూడదట. ఆపితే లోపల మిగిలిన పెట్రోలు గోడల మీది నూనె పొరను కడిగేస్తుంది. నూనె పొర లేకపోతే, సీళ్ళు కొత్తవైనా సరే గాలి పట్టవు. చూసేవాడికి ఇంజను పోయినట్టే కనిపిస్తుంది. "మీకు అప్పుడే చదువుతానన్నాను కదా నాన్నా" అంది మా అమ్మాయి. ఆ ఇంట్లో పెద్దావిడను ఆపినట్టే, మా ఇంట్లో దీన్నీ ఆపానన్నమాట.

సోమవారం పొద్దున్నే ఎలక్ట్రీషియనునూ, రెండు మంచి బ్యాటరీలనూ వెంటబెట్టుకుని, పిలవకుండానే రాజాం వెళ్ళాను. అన్నగారు గుమ్మంలోనే నిలబెట్టాడు.

"సచ్చిందని సెప్పింది మీరే కదా. సచ్చినదానికి ఎన్నిసార్లు నాడి సూస్తారు?"

"ఒక్కసారి సూడనీ బాబూ. నేను సరిగ్గా సూడలేదనిపిస్తన్నాది."

ఆయన మొహం బిగుసుకుంది, కానీ తప్పుకుని దారి ఇచ్చాడు. నేను కారు దగ్గరికి వెళ్ళలేదు. అరుగు దగ్గరికి వెళ్ళి పెద్దావిడ ముందు కింద కూర్చున్నాను.

"అమ్మా, ఆ రోజు మీ మాట మధ్యలో ఆపీసినాను. తప్పయిపోయింది. దసరా నాడు ఏటి జరిగిందో సెప్పండి, అంతా."

ఆవిడ కొడుకు వైపు చూసి, నా వైపు చూసి, కళ్ళజోడు సర్దుకుంది. అంతా అంటే అంతా చెప్పింది. ముందురోజు బూందీ పాకం ముదిరిపోయిన సంగతి దగ్గర మొదలుపెట్టింది. మామిడాకులు ఎవరింటి నుంచి తెచ్చారో చెప్పింది. నేను కదలకుండా విన్నాను.

"షెడ్లోంచి వాకిట్లోకి తెచ్చినాడు. నాలుగడుగులు. ఆపీసినాడు. బొట్లెట్టినాం. మళ్ళీ స్టార్టు సేసి నిమ్మకాయలు తొక్కించినాడు. మళ్ళీ ఆపీసినాడు. సాయంత్రం దిష్టి తియ్యాలంటే ఇంకోసారి ఒకడుగు ముందుకేసి, ఒకడుగు ఎనక్కేసినాడు."

"ఒక్కోసారి ఎంతసేపు నడిసింది?"

"ఎక్కడ నాయనా! కొబ్బరికాయ కొట్టి ముక్క తీసేలోగానే ఆపీసినాడు. ఆ పెట్రోలు కంపుకి అగరొత్తుల వాసన కూడా తెలియనేదు. బండిని సాయంత్రం నలుగురు కలిసి తోసుకుంటా లోపలెట్టినారు."

ఒక్క రోజులో మూడుసార్లు, చల్లటి ఇంజనును స్టార్టు చేసి ఆపేశారు. పెట్రోలు కంపు కూడా ఆవిడ పసిగట్టింది. నా గేజి చెప్పలేని సంగతి ఆవిడ దగ్గర నాలుగైదు నెలలుగా పదిలంగా ఉంది. వినడానికే మనిషి లేడు.

అన్నగారు స్తంభానికి ఆనుకుని నిలబడి ఇదంతా విన్నాడు. "అయితే ఏటంటారు?" అన్నాడు.

"ముందు సూడనీండి. ఈసారి సూడకుండా ఏటీ అనను."

లోపలికి ఇంకా పెట్రోలు పోకుండా పంపు ఫ్యూజు పీకాము. ప్లగ్గులు విప్పితే నల్లగా తడిసి ఉన్నాయి. ఆశ చావక అన్నగారు వారానికోసారి సెల్ఫు కొట్టి చూస్తున్నాడట, ప్రతిసారీ ఇంకొంచెం పెట్రోలు లోపలికి పోయింది. కొత్త బ్యాటరీలతో ఇంజను తిప్పి ఆ తడిని బయటికి కక్కించాము. తరువాత ఒక్కో గదిలో రెండు మూడు చెంచాల ఇంజన్ ఆయిలు పోసి, చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి వదిలేశాను. గోడలకు నూనె పట్టేదాకా ఆగాలి. ఆ అరగంట నేను కళ్ళు మూసుకునే కూర్చున్నాను. ఇంజను బాగుండాలని ప్రార్థించలేదు. అది ఎలా ఉందో అలా నాకు కనబడాలని మాత్రం ప్రార్థించాను.

"బావా, లెగు. సామీతో మాట్లాడింది సాలు. గేజి పట్టు" అన్నాడు ఎలక్ట్రీషియను.

సెల్ఫు తిరిగింది. ఫుఫ్, ఫుఫ్, ఫుఫ్. ముల్లు మూడుసార్లు ఎగిరి పడింది. రెండో గదీ అంతే. అన్నగారు ఒక అడుగు ముందుకు వేశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. నూనె పోస్తే ఏ ముసలి ఇంజనైనా కాసేపు ఊపిరి పోసుకుంటుంది. దాన్ని నమ్మకూడదు. నూనె కాలిపోయి, ఇంజను బాగా వేడెక్కిన తరువాత కూడా ఆ మూడు చప్పుళ్ళు వినబడితేనే అది సాక్ష్యం.

పీకిన ఫ్యూజు మళ్ళీ పెట్టి, కొత్త ప్లగ్గులు బిగించి, కొత్త పెట్రోలు పోశాము. నాలుగోసారి తాళం తిప్పితే దగ్గింది. అయిదోసారి అందుకుంది. పోసిన నూనె కాలి తెల్లటి పొగ వాకిలంతా కమ్మేసింది. పక్కింటి బట్టల షావుకారు బిందెడు నీళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. "అంటుకున్నాదా?" అని ఆయన, "లేచింది బాబూ, లేచింది!" అని పెద్దావిడ. ఆపకుండా అన్నగారి చేతనే చీపురుపల్లి దారిలో ఒక గంట తోలించాము. తిరిగి వచ్చాక, వేలు కాలుతుంటే గుడ్డ చుట్టుకుని ప్లగ్గులు విప్పాను. నూనె చుక్క వెయ్యకుండా గేజి పెట్టాను. ముందు గదిలో మూడూ సమానం. వెనక గదిలో ఒక ముఖం కొంచెం తక్కువ. బండి వయసుకు అది మామూలే. వేడి దెబ్బ తిన్న గుర్తు ఎక్కడా లేదు.

ఎలక్ట్రీషియనూ, పక్కింటాయనా, పెద్దావిడా అందరూ అక్కడే ఉన్నారు. అందరి ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు తీర్పు ఇచ్చింది కూడా బాహాటంగానే.

"బాబూ, ఈ ఇంజనుకి మీ తమ్ముడు ఏ అపకారం సెయ్యలేదు. మీరూ కావాలని సెయ్యలేదు. తెలియక మూడుసార్లు ఆపినారు. తప్పు నాది. సల్లటి ఇంజను, నీరసం బ్యాటరీ పెట్టుకుని, అమ్మ సెప్పబోతే ఇనకుండా మాట అనీసినాను."

అన్నగారు బానెట్టు దించి, దాని మీద చెయ్యి వేశాడు. తరువాత, "ఆడికి మీరే ఫోను సేసి సెప్పండి మేస్త్రీ" అన్నాడు.

"నా తప్పు నేను ఎదురుగా ఎల్లి సెప్తాను. మీది నేను మొయ్యలేను."

ఈ మాట నా గొప్ప కాదు. సహోదరుడికి మన మీద విరోధం ఏదైనా ఉంటే కానుక పట్టుకుని గుడికి రాకముందే వెళ్ళి సమాధానపడమని నా చిన్నప్పుడు మా నాన్న నేర్పారు. నేను ఎన్నో ఏళ్ళు పిల్లలకు నేర్పాను. నేర్పిన నేను నేర్చుకోవడానికి ఒక షావుకారు వాకిలి కావలసి వచ్చింది. నా విశ్వాసం ఆ రోజూ సడలలేదు, ఇప్పుడూ సడలలేదు. కానీ ఎదుటి మనిషి పూజ గురించి వింటే నా భక్తికి మచ్చ పడుతుందని అప్పటిదాకా అనుకోవడం భక్తి కాదు, భయం. తమ్ముళ్ళారా, బండి తెచ్చినవాడు ఎక్కడ మొదలుపెడితే అక్కడినుంచి వినండి. బూందీ పాకం దగ్గర మొదలుపెట్టినా సరే.

ఎలక్ట్రీషియను బ్యాటరీలతో సాలూరు బస్సెక్కాడు. ఆ కారులో మనుషులు సరిగా కూర్చునే సీట్లు రెండే. అన్నగారు తోలుతుంటే నేను పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం మూడు దాటాక విజయనగరంలో ఎరువుల దుకాణం ముందు ఆపాడు, ఇంజను మాత్రం ఆపలేదు. తమ్ముడు మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. ముందు మమ్మల్ని చూడలేదు. ఆ చప్పుడు విన్నాడు.

నేను దిగి, తమ్ముడి దగ్గరికి వెళ్ళి చెప్పవలసింది చెప్పాను. తల ఊపాడు. "అమ్మకి సెప్పినారా?" అన్నాడు.

"ముందు ఆవిడికే సెప్పినాను."

"అయితే సరేనండి."

అన్నగారు అద్దం దించి, చెయ్యి స్టీరింగు మీద నుంచి తియ్యకుండానే, "రారా, ఎక్కు. ఎల్దాం" అన్నాడు.

"ఇంజను ఏడెక్కిందా అన్నియ్యా?"

"ఎక్కింది."

"అయితే ఆపు. కిందికి దిగి, లోపలికొచ్చి, ఆ మాటేదో సెప్పు. బండిలో కూకుని కాదు."

అన్నగారు నా వైపు చూశాడు. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో అన్న భయం ఆయన కళ్ళలో కనబడింది. ఆయన తాళం తిప్పి ఆపేశాడు. దిగి, చెప్పులు బయట వదిలి, దుకాణం లోపలికి వెళ్ళాడు.

లోపల వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. చాలాసేపే పట్టింది. వేడి ఇనుము చల్లారుతూ టిక్కుటిక్కుమంటుంటే నేను కారు పక్కనే నిలబడ్డాను. బయటికి వచ్చినప్పుడు ఇద్దరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి. అన్నగారు తాళం తమ్ముడి చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్ళి, నేను కూర్చున్న సీట్లో కూర్చున్నాడు.

"మేస్త్రీ, మరి మీరేటి?" అని తమ్ముడు అడిగాడు.

"నాకు సాలూరు బస్సుంది. మీరు ఎల్లండి" అన్నాను.

పది అడుగులు నడిచి ఆగాను, వెనక్కి తిరగలేదు. సెల్ఫు ఒక్కసారి తిరిగింది. అందుకుంది.